గీసిన మనిషికి బరువెక్కడిది?

చిరంజీవి అమ్మలుకు మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన యానిమాటిక్ (కచ్చా బొమ్మలను వరసగా పేర్చి చేసిన నమూనా వీడియో) నిన్న రాత్రి నాలుగుసార్లు చూశాను. పరీక్షల మధ్యలో, ముగ్గురే కూర్చుని మూడు నిమిషాల ఫైట్‌ని ఇంతదాకా తెచ్చారంటే నాకు చాలా గర్వంగా ఉంది. జేమ్స్ బాండ్ అంటే మీకెంత ఇష్టమో ప్రతి గీతలోనూ తెలుస్తోంది. ఇస్తాంబుల్ దాటిన రాత్రి రైలు, ఇరుకు పెట్టెలో ఇద్దరు మనుషులు, లోపలి నుంచి గడియ పడటం, అక్కడిదాకా ఊపిరి బిగబట్టి చూశాను. గడియ పడ్డాక మాత్రం నాకు భయం వేయలేదు. ఎందుకు వేయలేదా అని ఆలోచించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ బాండ్ మొత్తం ముప్పై ఒక్క దెబ్బలు కొట్టాడు. ఒక్కటి కూడా అతనికి కష్టం కాలేదు. మామూలు సినిమాలో మనిషి దూకితే, కింద గట్టి నేల ఉందని, కాలు విరగొచ్చని చూసేవాళ్ల ఒంటికే తెలిసిపోతుంది. గీసిన బొమ్మకు ఎముకలుండవు. అది పదంతస్తుల మీది నుంచి దూకినా ఎవరి గుండే ఝల్లుమనదు. ఆ కష్టాన్ని, ఆ బరువును మనమే గీసి పెట్టాలి. ఇరవై రెండేళ్లుగా ఈ యానిమేషన్ పనిలో ఉన్నాను కదా, యాక్షన్ సీన్ల గురించి నీకు ఒక్క మాటే చెప్పమంటే ఇదే చెబుతాను.

2006లో వచ్చిన ‘క్యాసినో రాయల్’లో కారు పల్టీలు కొట్టే షాట్ నీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఆస్టన్ మార్టిన్‌ను ర్యాంపు ఎక్కించి తిరగేయాలని చూస్తే అది తిరగబడలేదు. అంత గట్టిగా నేలను పట్టుకుని పరిగెత్తే బండి. చివరికి కారులోనే నైట్రోజన్ ఒత్తిడితో పేలే ఫిరంగి లాంటిది అమర్చి, దానితో నేలను తన్నించి తిప్పారు. ఏడు పల్టీలు కొట్టింది, గిన్నిస్ రికార్డు కూడా వచ్చింది. నీ కంప్యూటర్‌లో కారును తిప్పడానికి రెండు కీ ఫ్రేములు (కదలిక మొదలునూ చివరనూ చూపే బొమ్మలు) చాలు, అందుకే అది ఎవరికీ గొప్పగా అనిపించదు. పల్టీకి ముందు ఆ బండి ఎలా మొరాయిస్తుందో గీయి. ముందు టైర్లు గీసుకుపోవాలి. ఒక పక్క స్ప్రింగులు నలిగి బాడీ ఒరిగిపోవాలి. అంచు మీద అర సెకను, తిరగబడాలా వద్దా అన్నట్టు ఆగాలి. ఆ అర సెకను చాలు, కుర్చీలో ఉన్నవాడు చేతులు బిగించుకుంటాడు.

మనిషి దెబ్బకూ ఇదే లెక్క. నీ 14వ షాట్ తీసుకో. చెయ్యి వెనక్కి వెళ్లడానికి 4 ఫ్రేములు, ముందుకు రావడానికి 4, మళ్లీ వెనక్కి 4. గోడ గడియారం లోలకంలా ఊగుతోంది. సెకనుకు 24 ఫ్రేముల్లో పని చేస్తున్నావు కాబట్టి నేనైతే ఇలా పంచుకుంటాను. సిద్ధపడటానికి 8 ఫ్రేములు: ముందు పాదం నేలలో నాటుకోవాలి, తర్వాత నడుము తిరగాలి, తర్వాత భుజం, అన్నిటికన్నా ఆఖరున పిడికిలి. విసురుకు 2 ఫ్రేములే, అందులో ఒకటి సాగదీసిన మసక గీత. పిడికిలి దవడకు తగిలే ఫ్రేము అసలు గీయకు. తగలకముందు ఒకటి, తల పక్కకు వాలిపోయాక ఒకటి, మధ్యది చూసేవాళ్ల కన్నే పూరించుకుంటుంది, దెబ్బ రెట్టింపు గట్టిగా తగులుతుంది. అక్కడ 3 ఫ్రేములు కదలకుండా ఆపు. ఆ తర్వాత కొట్టినవాడు తన బరువును మళ్లీ తన కాళ్ల మీదికి తెచ్చుకోవడానికి 12 ఫ్రేములైనా ఇవ్వు. కొట్టడం వల్ల కొట్టినవాడు కూడా తూలతాడు. ఆ తూలడం నీ బొమ్మల్లో ఎక్కడా లేదు. ఈ అంకెలు శిలాశాసనం కాదు, లావాటి మనిషికి పెంచుకో, సన్నటివాడికి తగ్గించుకో. ఈసారి జాతరలో కర్రసాము చూసినప్పుడు కర్ర మీద నుంచి చూపు తీసి పాదాలు చూడు, నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది.

ఇంకో విషయం. నీ రైలు పెట్టె అవసరాన్ని బట్టి పెద్దదవుతోంది! బాండ్ చెయ్యి చాచి విసిరినప్పుడు గోడ ఎక్కడికో జరిగిపోయింది. మీరు ఈ సన్నివేశానికి స్ఫూర్తి తీసుకున్న 1963 నాటి ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’ ఫైట్ మళ్లీ చూడు. ఇరుకే అక్కడ మూడో శత్రువు. చెయ్యి చాచే చోటు లేక మోచేతులు, మోకాళ్లు, గొంతు పట్టుకోవడాలు. ఇంట్లో హాలు ఖాళీ చేసి, పెట్టె కొలతకు నేల మీద సుద్దముక్కతో గీయండి. బెర్తు ఉండే చోట దివాన్ వేయండి. నువ్వూ నీ స్నేహితురాలూ ఆ గీత దాటకుండా నెమ్మదిగా ఫైట్ నటించి ఫోన్‌లో తీసుకోండి. ఆ వీడియోను ఫ్రేము ఫ్రేముగా దిద్దుకుంటూ పోకు, బొమ్మ చచ్చిపోతుంది. అందులోంచి ఏడెనిమిది భంగిమలు ఏరుకుని, వాటిని కాస్త ఎక్కువ చేసి గీసుకో.

భంగిమ బాగా కుదిరిందో లేదో తెలియాలంటే బొమ్మ మొత్తం నల్లరంగు నింపి చూడు. నిమ్మలకుంట తోలుబొమ్మలు గుర్తున్నాయా, తెర వెనక నుంచి ఎవరు ఎవరిని ఏం చేస్తున్నారో అంచులు చూస్తేనే తెలిసిపోతుంది. నీ 9వ షాట్‌లో ఇద్దరూ కలిసి ఒక మూటలా కనిపిస్తున్నారు. కెమెరాను కాస్త పక్కకు జరిపితే సరిపోతుంది.

తుపాకీ సంగతి. బాండ్ చేతిలో ఉన్నది వాల్తర్ పీపీకే అని నువ్వే రాశావు. .32 క్యాలిబర్ అయితే దాని మ్యాగజైన్‌లో, అంటే తూటాలు నింపే డబ్బాలో, పట్టేవి 7 తూటాలు. అతను మధ్యలో మార్చకుండా పందొమ్మిది సార్లు పేల్చాడు. ఏడే అని చూసేవాళ్లకు ముందే తెలిస్తే ఐదోది పేలేసరికి టెన్షన్ దానంతటదే వస్తుంది, ఇంకే హంగూ అక్కర్లేదు.

శబ్దం గురించి మాత్రం చాలా జాగ్రత్త. 1974లో ‘ది మ్యాన్ విత్ ది గోల్డెన్ గన్’ కోసం థాయ్‌లాండ్‌లో విరిగిన వంతెన మీది నుంచి ఒక కారు గాల్లో పూర్తిగా ఒక చుట్టు తిరిగి అవతలి గట్టు మీద నాలుగు చక్రాల మీద దిగింది. కంప్యూటర్‌తో ముందే లెక్కలు కట్టి, ఒక్క టేక్‌లో నిజంగా చేశారు. తెర మీద దానికి సర్కస్‌లో వినిపించే ఈల లాంటి చప్పుడు జోడించారు. అంత ప్రాణాంతకమైన పని ఆ ఈలతో బొమ్మ కారు ఆటలా అయిపోయింది. మీ ఫైట్‌లో నువ్వు మొదటి నుంచి చివరిదాకా డ్రమ్స్ పెట్టావు. తీసెయ్. పైన చెప్పిన ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’ రైలు ఫైట్‌లో సంగీతమే లేదు, రైలు మోత, మనుషుల ఊపిరి, సామాన్లు విరగడం, అంతే. పాత దిండు మీద తడి తువ్వాలు వేసి కొట్టి రికార్డు చేయండి, నెట్‌లో దొరికే ‘ఢిషుం’ కంటే వంద రెట్లు మేలు.

ఇక లెక్క. మూడు నిమిషాలంటే 4,320 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా 2,160 బొమ్మలు. ముగ్గురూ రోజుకు ఎనిమిదేసి గీస్తే 90 రోజులు, ఒక్క ఆదివారం కూడా సెలవు లేకుండా. ముప్పై ఒక్క దెబ్బల్ని పదకొండుకు తగ్గించు. ముందే లెక్క వేసుకోవాలన్న ఈ పాఠానికి నేను చెల్లించిన మూల్యం తక్కువ కాదు. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక స్టూడియోలో యానిమాటిక్ లేకుండానే ఛేజ్ సీన్ మొదలుపెట్టించారు. నాలుగు నెలలు రాత్రింబవళ్లు చేశాం. ఎడిటింగ్‌లో మిగిలింది ఇరవై సెకన్లు. కోసేసిన షాట్లలో నా చేతి వేళ్లు వాచిపోయేలా గీసిన ఒక గుర్రం ఉంది, ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది.

అలాగే, పాత్ర మనది కాదన్న సంగతి మరవకు. డబ్బు తీసుకోకు, ఆ ప్రసిద్ధ ట్యూన్ వాడకు, అభిమానులు చేసిన చిత్రమని మొదట్లోనే వేయండి. అలా వేసినంత మాత్రాన హక్కులు మనకు రావు, హక్కుదారులు తీసేయమంటే తీసేయాల్సిందే. అందుకే రైలును, విలన్‌ను, సంగీతాన్ని మీ సొంతంగా చేసుకోండి. రేపు అవే మీ చేతిలో మిగులుతాయి.

ముందుగా 14వ షాట్ ఒక్కటే మళ్లీ చేసి పంపు. రంగులు వద్దు, పెన్సిల్ గీతలు చాలు, శబ్దం కూడా వద్దు. ఆదివారం పొద్దున్నే చూస్తాను. సుద్దగీతలు తుడిచాకే అమ్మ హాల్లోకి వచ్చేలా చూసుకో, అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య