‘అమ్మా, ఇందులో ఎన్ని కేలరీలు?’

ప్రశ్న: నా వయసు 32. కాన్పు తర్వాత తగ్గని బరువు తగ్గించుకుందామని ఏడాదిన్నర క్రితం ఫోన్‌లో కేలరీల యాప్ పెట్టుకున్నాను. రోజుకు 1,200 దాటకూడదని నియమం. 11 కిలోలు తగ్గాను. ఇప్పుడు మాత్రం తూచకుండా ముద్ద నోట్లో పెట్టలేకపోతున్నాను. ఇంట్లో వండినదాంట్లో ఎంత ఉందో తెలియదని, ప్యాకెట్ మీద అంకె ఉన్నవే తింటున్నాను. లెక్క దాటితే రాత్రంతా టెన్షన్, మర్నాడు పస్తు. మూడు నెలలుగా నెలసరి రాలేదు. మావారు యాప్ తీసేయమని కోప్పడుతున్నారు. తీసేస్తే మళ్లీ లావైపోతానని భయం. మొన్న పండు చేతికిస్తే ఆరేళ్ల మా పాప ‘అమ్మా, ఇందులో ఎన్ని కేలరీలు?’ అంది. ఆ మాట మనసులోంచి పోవడం లేదు.

జవాబు: ముందు నెలసరి సంగతి చూడండి. గర్భం, థైరాయిడ్ లాంటి కారణాలున్నాయేమో పరీక్షల్లో తేలాలి. తిండి చాలకపోయినా నెలసరి ఆగిపోతుంది, అలాగే కొనసాగితే ఎముకలు బలహీనపడతాయి. ఈ వారంలోనే స్త్రీల వైద్యురాలిని కలవండి. ఎంత తింటున్నారో, ఎప్పుడు పస్తుంటున్నారో దాచకుండా చెప్పండి. బరువు తగ్గారు కదా అని అక్కడ ఎవరైనా మెచ్చుకుంటే పొంగిపోయి మాట మార్చేయకండి!

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ప్యాకెట్ల మాట. ఆరోగ్యం కోసం మొదలుపెట్టిన లెక్క, చివరికి లెక్కకు దొరికే తిండినే తినిపిస్తోంది. ఇంటి వంటలో ఏం వేశారో మీకు తెలుసు, ఎన్ని కేలరీలో తెలియదు. ప్యాకెట్ విషయంలో ఇది సరిగ్గా తలకిందులు. అయినా మీకు ప్యాకెట్ మీదే నమ్మకం.

ఆ అంకె కూడా మీరనుకున్నంత కచ్చితమైనది కాదు. గ్రాము పిండిపదార్థానికి, ప్రొటీన్‌కు 4, కొవ్వుకు 9 అనే లెక్కకు మూలం 19వ శతాబ్దం చివర్లో అట్వాటర్ అనే అమెరికా శాస్త్రవేత్త కట్టిన సగటులు. బాదం పప్పునే చూడండి. ఆ లెక్కన 28 గ్రాములకు 170 కేలరీల దాకా రావాలి. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు మనుషులకు తినిపించి చూస్తే ఒంటికి అందినవి 129 మాత్రమే. సరిగ్గా నలగని ముక్కల్లోని కొవ్వు కొంత అరగకుండానే బయటికి పోతుంది. మీరు 1,203 చూసి నిద్ర మానుకున్న రాత్రి, నిజంగా తిన్నది 1,100 అయినా 1,300 అయినా ఆ యాప్‌కు తెలిసే దారి లేదు.

ఇక రోజంతా తిండి ఆలోచనే ఎందుకంటే, మీది బలహీనమైన మనసు అయి కాదు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు అర్ధాకలి తిండి పెట్టి చూశారు. వాళ్లకిచ్చింది రోజుకు 1,600 కేలరీలకు అటూ ఇటూగా. అంతకుముందు వంట మీద ఆసక్తే లేనివాళ్లు వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నారు, తిండి గురించి కలలు కన్నారు. వాళ్లు మీకంటే ఎక్కువ శ్రమ చేసిన మగవాళ్లే, నిజమే. కానీ ఆకలి మనసును ఎలా పట్టేస్తుందో అక్కడ తెలిసింది.

యాప్‌ను కోపంతో ఒక్కసారే తీసేయమనను. భయం పట్టలేక రెండో రోజే మళ్లీ వేసుకుంటారు. తూకం యంత్రాన్ని మాత్రం మీవారిని ఎక్కడైనా దాచేయమనండి. రోజుకు ఒక పూట, అందరితో కలిసి, వండినదే, ఫోన్ పక్క గదిలో పెట్టి తినండి. అది అలవాటయ్యాక రెండో పూట. లెక్క దాటిందనిపించిన మర్నాడు పస్తు వద్దు, ఉదయం మామూలుగానే తినండి. ఆ పస్తే సాయంత్రానికి అతిగా తినేలా చేస్తుంది. ఒకటి రెండు కిలోలు పెరగొచ్చు, పెరగదని మాటివ్వను. ఎంత తినాలో పోషకాహార నిపుణురాలితో కూర్చుని తేల్చుకోండి. తిన్నది కక్కేయాలనిపించినా, విరేచనాల మందుల మీదికి మనసు పోయినా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యులను కలవండి. ఈ రెండూ లేకపోయినా, నెలరోజుల్లో భయం తగ్గకపోతే వెళ్లండి.

మీవారికి ఒక మాట: కంచం మీద కాపలా వద్దు, పక్కన కూర్చుంటే చాలు.

పాప మళ్లీ అడిగితే ‘తెలీదమ్మా, తియ్యగా ఉందో లేదో చూద్దాం’ అనండి. సగం కోసి తనకివ్వండి, మిగతా సగం తన ఎదురుగానే తినండి.