మెయిన్ రోడ్డు మళ్ళీ నిండాలంటే

చిరంజీవి చిన్నోడికి అత్తయ్య ఆశీస్సులు.

వర్తక సంఘానికి సెక్రటరీవయ్యావని తెలిసి చాలా సంతోషించాను. రాజమండ్రి మెయిన్ రోడ్డుకు పాత కళ తేవాలంటే ఏం చెయ్యాలని అడిగావు. గాజుల కొట్లో కూర్చుని ఆ రోడ్డును చూసినదాన్ని కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

2027 పుష్కరాలొస్తున్నాయని రంగులూ ఆర్చీలూ అంటారు. వాటి వెంట పడకు. ముందు ఆడవాళ్ళకి శుభ్రమైన టాయిలెట్ ఒకటి కట్టించు. పెళ్ళి బేరమంటే ఆడవాళ్ళదే. పెళ్ళికూతురు, తల్లి, పిన్ని, చంకలో పిల్లతో వదిన, కాళ్ళ నొప్పుల మామ్మగారు. చీరల దగ్గర మొదలైతే గాజుల దాకా వచ్చేసరికి నాలుగైదు గంటలు. మంచినీళ్ళిస్తే వద్దనేవాళ్ళు, తాగితే ఎక్కడికి వెళ్ళాలని. కొందరు నా చెవి దగ్గరకొచ్చి మెల్లిగా అడిగేవాళ్ళు, లోపలికి పంపేదాన్ని. వాళ్ళను దానవాయిపేట షోరూములకు పట్టుకుపోయింది ఏసీ కన్నా ఇదేనని నా గట్టి నమ్మకం.

పార్కింగ్ లేదని అందరూ గోలపెడతారు. పొద్దున పదింటికి కొట్ల ముందు చూడు, ఉన్నవన్నీ యజమానులవీ గుమస్తాలవీ బళ్ళే. రాత్రిదాకా కదలవు. కొనడానికొచ్చినవాడు ఎక్కడ ఆపాలి? మన బళ్ళు దూరంగా పెట్టుకోవాలని మీటింగులో తీర్మానం చేయించు. ముందు నీ బండి తియ్యి.

తోపుడు బళ్ళను తరిమెయ్యమని నీమీద ఒత్తిడి తెస్తారు, ఒప్పుకోకు. పూలకీ జామకాయలకీ ఆగినవాళ్ళే మన మెట్లెక్కుతారు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఊళ్ళో తోపుడు బళ్ళ సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం ఆ బళ్ళవాళ్ళ ప్రతినిధులుండాలి, వర్తక సంఘాలకూ చోటుంది. కార్పొరేషన్‌కి వాళ్ళను కూడా తీసుకెళ్ళి, ఎవరి జాగా ఎక్కడో గీతలు గీయించు.

అన్నిటికన్నా కష్టం మేడలు. ఒకప్పుడు కింద కొట్టు, పైన కాపురం. ఇప్పుడు పైనంతా అట్టపెట్టెల గోడౌన్లు. షట్టర్లు దించగానే వీధి చీకటైపోతుంది. మెట్లు బాగుచేసి, వైరింగ్ మార్చి అద్దెకిస్తే నర్సులు, చదువుకునే పిల్లలు వస్తారు. మనుషులుంటే టిఫిన్ బండీ, మందుల షాపూ రాత్రిదాకా ఉంటాయి. అన్నదమ్ముల వాటాల తగువుల్లో ఉన్న మేడల జోలికి ఇప్పుడే పోకు, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. తగువు లేనివి రెండు చూసుకుని మొదలుపెట్టు. అందులో ఒకటి మనదే. వానలు పడేలోపు పైకప్పు కారడం ఆపించాలి. తాళాలు మీ నాన్న దగ్గరున్నాయి, నేను చెప్పానని తీసుకో.

ఇట్లు,
మీ అత్తయ్య