‘పంచ్’ మీద నువ్వు రాసిన వ్యాసం గురించి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. 2011లో లీ హాన్ తీసిన ఆ కొరియన్ సినిమా అంటే నాకూ ప్రాణం, అందుకే కాస్త గట్టిగానే చెప్తున్నా, ఏమీ అనుకోకు. గూని ఉన్న తండ్రి, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన తల్లి, వలస కూలీలు, పేదరికం, అన్నీ ఉన్నాయి కాబట్టి ఇది వైవిధ్యమున్న సినిమా అని తేల్చేశావు. అది హాజరు పట్టీ. వాళ్లని ఎలా చూపించారో ఒక్క ముక్క కూడా రాయలేదు.

ఆ తండ్రినే తీసుకో. క్యాబరేలో డాన్స్ చేస్తాడు, అది మూతపడితే సంతల్లో సరుకు పెట్టుకుని అక్కడా డాన్స్ చేస్తూ అమ్ముకుంటాడు, కొడుకు వాన్‌దుక్ కిక్‌బాక్సింగ్ నేర్చుకుంటానంటే ససేమిరా అంటాడు. ఆయనకో పనుంది, పంతం ఉంది. ఆయన మీద జాలిపడే తీరిక మనకి దొరకదు. పక్క మేడ మీద గదిలో ఉండే క్లాస్ టీచరైతే, కుర్రాడికి ప్రభుత్వ సాయంగా వచ్చిన అన్నం ప్యాకెట్‌ని ఇటు విసరమని అడిగి మరీ తింటాడు. వాన్‌దుక్ చర్చికెళ్లి, ఆ టీచర్ని చంపెయ్ దేవుడా అని మొక్కుకుంటాడు! పేద పిల్లవాడికి తిట్టుకునే హక్కు, కోపగించుకునే హక్కు ఇచ్చారు చూడు, నీ వ్యాసం మొదలవ్వాల్సింది అక్కడ.

ఇక చెప్పుల దుకాణం సీను. పసితనంలోనే వదిలి వెళ్లిన తల్లి ఇన్నేళ్లకి ఎదురుపడితే కుర్రాడికి ఏం మాట్లాడాలో తెలియదు. ఆవిడ కాళ్లకున్న అరిగిపోయిన జోళ్లు చూస్తాడు, కొత్తవి కొనిస్తాడు, ఈవిడెవరని దుకాణంలో అడిగితే మా అమ్మ అంటాడు. అంతే, ఏడుపులూ ఉపన్యాసాలూ ఏమీ లేవు. నువ్వు ఈ సీన్‌ని అరవాక్యంలో దాటేశావంటే నాకు బాధేసింది.

మెచ్చుకున్నాక లోటు కూడా రాయాలి. ఆ తల్లి ఇన్నేళ్లూ ఒంటరిగా ఎలా బతికిందో సినిమా దాదాపు పట్టించుకోదు, కొడుకు ఎదగడానికి ఎంత కావాలో అంతే కనిపిస్తుంది. కొడుకుగా వేసిన యూ ఆ-ఇన్ చాలా బాగా చేశాడు, కానీ అతను అలాంటి మిశ్రమ కుటుంబంలో పుట్టినవాడు కాదు. తల్లి పాత్రకి మాత్రం ఫిలిప్పీన్స్‌లో పుట్టి, పెళ్లి చేసుకుని కొరియాలో స్థిరపడ్డ జాస్మిన్ లీని తీసుకున్నారు. సినిమాని 50 లక్షల మందికి పైగా చూశారు. మరుసటేడు, 2012లో, ఆవిడ అక్కడి పార్లమెంటుకి ఎన్నికైంది. విదేశం నుంచి వచ్చి పౌరసత్వం తీసుకున్నవాళ్లలో ఆ స్థాయికి చేరిన మొదటి మనిషి ఆవిడే. అప్పుడు ఆవిడని ఆన్‌లైన్‌లో జాతి పేరెత్తి తిట్టారు. తెర మీద సర్దుకుపోయే అమ్మని ప్రేమించడం జనానికి తేలికే, చట్టం చేసే చోట కూర్చున్న ఆడమనిషిని ఒప్పుకోవడమే కష్టమైంది అని నాకనిపిస్తుంది. ఒప్పుకోకపోతే వాదించు, కానీ ఈ సంగతి వదిలెయ్యకు.

ఒడిశా నుంచి మన ఇటుక బట్టీలకొచ్చే కూలీల మీద కథ రాస్తున్నానన్నావుగా. అందులో ఆ అమ్మాయి మీ హీరో లేనప్పుడు ఏం చేస్తుంది, ఎవరి మీద విసుక్కుంటుంది, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్స్ ఎంత మిగిలిందని ఎలా లెక్కేసుకుంటుంది? ముందు బట్టీకి వెళ్లి వాళ్లతో కూర్చుని మాట్లాడు. ఆ తర్వాతే కథ ముట్టుకో. వ్యాసం మాత్రం చెప్పుల సీనుతో మొదలుపెట్టి, తిరగరాసి పంపు, చదివిపెడతాను.

మీ అన్నయ్య