ప్రసూతి సెలవుకు పోతూ మన బదులు మనిషిని మనమే వెతికి పెట్టాలా?

నర్సంపేట దగ్గర ఇద్దరే టీచర్లున్న ప్రైమరీ బడి, నువ్వు అక్కడ ఎస్జీటీవి (సెకండరీ గ్రేడ్ టీచర్), ఇప్పుడు నీకు ఏడో నెల. "నీ బదులు ఎవరినన్నా పెట్టి పో, లేకుంటే లీవు పైకి పంపను" అని హెచ్‌ఎం అంటున్నారు, అట్లాంటి రూలు ఉందా అని అడిగావు. లేదు చెల్లె, అట్లాంటి రూలు ఎక్కడా లేదు.

180 రోజుల ప్రసూతి సెలవు ఉమ్మడి రాష్ట్రంలో 2010లో జీవో 152తో వచ్చింది, తెలంగాణలో మనకూ అదే నడుస్తోంది. పూర్తి జీతం వస్తుంది, నీ లీవు ఖాతాలో ఒక్క రోజు కూడా తగ్గదు. బతికున్న పిల్లలు ఇద్దరికంటే తక్కువ ఉండాలన్నదే షరతు, నీకిది రెండో కాన్పే కాబట్టి ఆ టెన్షన్ అక్కర్లేదు. (ఆ షరతు మీద కూడా, తమిళనాడులో ఒక సర్కారు బడి టీచరు కేసులో సుప్రీంకోర్టు 2025 మేలో ప్రసూతి సెలవు స్త్రీ పునరుత్పత్తి హక్కుల్లో భాగమని చెప్పి, సెలవు ఇవ్వమంది.)

నాది ములుగు వైపు బడి, నా రెండో కాన్పప్పుడు నేనూ ఇదే మాట విన్నాను. మా సార్ చెడ్డవారు కాదు, ఒకటి నుంచి ఐదు దాకా ఒక్కరే చూసుకోవాలి, అందులోనే మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ హాజరు, చుట్టుపక్కల బడులన్నిటికీ కలిపి పెట్టే కాంప్లెక్స్ మీటింగులు, ఆయన భయం ఆయనది. నేను డాక్టర్ సర్టిఫికెట్ జతచేసి దరఖాస్తు ఇచ్చాను, అందులోనే నా స్థానంలో వర్క్ అడ్జస్ట్‌మెంట్ కింద, అంటే వేరే బడి టీచరును తాత్కాలికంగా సర్ది, ఎవరినైనా వేయమని ఎంఈఓను (మండల విద్యాధికారిని) కోరుతున్నానని ఒక పేరా రాసి, నా కాపీ మీద అందినట్టు సంతకం తీసుకున్నాను. పక్క ఊరి బడి నుంచి ఒక మేడంను వారానికి మూడు రోజులు వేశారు.

మిగతా రోజులు ఎట్లా నడిచిందో లీవులో ఒకసారి బడికి పోయినప్పుడు కళ్లారా చూశాను. వరండాలో నాలుగో తరగతి పిల్ల ఒకటో తరగతి వాళ్లను కూర్చోబెట్టుకొని పలకల మీద గుణింతాలు దిద్దిస్తోంది. లోపల సార్ బోర్డు మీద భాగహారం సగంలో ఆపి, వాకిట్లోకి వచ్చి గుడ్ల ట్రేలు లెక్కపెట్టుకుంటున్నారు. ఆ పిల్లకు తన పాఠం ఎవరు చెప్పాలి?

అసలు లోపం ఇక్కడుంది. విద్యాహక్కు చట్టం 26వ సెక్షన్ ప్రకారం బడిలో మంజూరైన పోస్టుల్లో ఖాళీలు 10 శాతం దాటకూడదు, కానీ సెలవులో ఉన్న టీచరు పోస్టు కాగితం మీద ఖాళీ కాదు, ఆమె పేరు అక్కడే ఉంటుంది, ఆర్నెల్లు తరగతిలో మనిషి లేకపోయినా. ఇదివరకు తాత్కాలికంగా పాఠాలు చెప్పే విద్యా వాలంటీర్లు ఉండేవారు, నెలకు 12,000 ఇచ్చేవారు, కరోనాకు బడులు మూతపడ్డాక వాళ్లను మళ్లీ తీసుకోలేదు. మండలానికి కొందరు టీచర్లను లీవు రిజర్వుగా పెట్టి, ప్రసూతి సెలవు మంజూరైన రోజే వాళ్లలో ఒకరిని ఆ బడికి పంపాలని చట్టంలోనే రాయాలి. టీచర్ల సంఘాలు పీఆర్సీ (జీతాల సవరణ) కోసం పట్టుబట్టినంత గట్టిగా దీనికోసమూ పట్టుబట్టాలని నా కోరిక.

కొందరు ఊర్లో డిగ్రీ చదివిన అమ్మాయిని మాట్లాడి జీతంలోంచి నెలనెలా ఇస్తున్నారు. నువ్వు మాత్రం ఆ పని చెయ్యకు. ఆ అమ్మాయికి ఏ ఆర్డరూ ఉండదు, పిల్లలకు ఏదన్నా అయితే జవాబు చెప్పేవారుండరు, పైగా ఆఫీసుకు అక్కడ లోటే కనబడదు.

మీ ఆయన ప్రైవేటు స్కూల్లో చేస్తున్నారన్నావు, ప్రైవేటు వాళ్లకు పితృత్వ సెలవు ఇచ్చి తీరాలనే చట్టం లేదు, యాజమాన్యం దయ. సర్కారు ఉద్యోగి అయితే 15 రోజులు వచ్చేవి. నీకు మాత్రం ఈ 180 అయ్యాక చైల్డ్ కేర్ లీవు మొత్తం 90 రోజులుంది, ఒక్కోసారి 15 రోజులకు మించకుండా, పిల్లలకు 18 ఏళ్లు వచ్చేదాకా వాడుకోవచ్చు.

దరఖాస్తు ఈ వారంలోనే ఇవ్వు. హెచ్‌ఎం తీసుకోనంటే రిజిస్టర్ పోస్టులో ఆయనకే పంపి, ఒక కాపీ ఎంఈఓకు పంపు, రసీదులు దాచుకో.