ఆన్‌లైన్ కేంద్రం పగ్గాలు పట్టబోయే బిడ్డకు

బిడ్డా,

మీ అమ్మ ఫోన్ చేసి, యూనివర్సిటీలో ఆన్‌లైన్ కోర్సుల కేంద్రానికి నిన్ను డైరెక్టర్‌గా వేశారని చెప్పింది. సంతోషం పట్టలేక పక్కింటివాళ్లకు కూడా చెప్పేశాను. రాత్రి పడుకున్నాక మాత్రం భయం పట్టుకుంది. పాఠం చెప్పడంలో నీకు తిరుగు లేదు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ నువ్వు చిన్నప్పటి నుంచీ మొహమాటస్తురాలివి. ఎవరైనా కాగితం ముందు పెట్టి "మేడమ్, ఒక్క సంతకం" అంటే అడ్డంగా పెట్టేస్తావు. ఆ కుర్చీకి ఆ గుణం పనికిరాదు. ఫోన్లో చెబితే సగం విని, మిగతా సగానికి "సరే పెద్దమ్మా" అంటావు కాబట్టి రాస్తున్నాను.

తెలిసిన సంగతులు ముందు ముగించేద్దాం. 2020 సెప్టెంబరులో యూజీసీ, అదే విశ్వవిద్యాలయాలకు నిధులిచ్చి నియమాలు పెట్టే సంఘం, తెచ్చిన దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల నియమావళిని ప్రింటు తీయించి బల్ల మీద పెట్టుకో. ఇంజనీరింగ్, వైద్యం, న్యాయశాస్త్రం ఎటూ ఆన్‌లైన్‌లో కుదరవు. 2025లో సైకాలజీ కూడా ఆ జాబితాలో చేరింది, ఎవరైనా ఆ కోర్సు పెడదామంటే ఒప్పుకోకు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం పోర్టల్‌లో ఉన్నట్టు ప్రతి పాఠానికీ వీడియో, చదువుకునే పాఠం, చర్చకు చోటు, పరీక్ష, ఈ నాలుగూ ఉండాలి. వీడియోలు పొట్టిగా ఉండాలి. ఎడెక్స్ అనే అమెరికా ఆన్‌లైన్ వేదిక పాఠాల మీద 2014లో వచ్చిన పరిశోధనలో ఆరు నిమిషాలు దాటితే చూసేవాళ్లు జారిపోతున్నారని తేలింది. పాఠం ఆడియో విడిగా, రాతప్రతి విడిగా ఇవ్వు. డేటా అయిపోయినవాళ్లు వాటితో నెట్టుకొస్తారు. ఇవన్నీ నీకు నాకంటే బాగా తెలుసు.

నా మొదటి భయం సంతకం గురించి. నువ్వు కుర్చీలో కూర్చున్న వారానికే కంపెనీలవాళ్లు వస్తారు. మంచి చొక్కాలు, మంచి మాటలు. పాఠాలు మేమే తీస్తాం, అడ్మిషన్లు మేమే తెస్తాం, మీరు పేరు ఇస్తే చాలు, ఫీజులో మా వాటా మాకు ఇవ్వండి అంటారు. డిగ్రీ కోర్సులను ఇలా ఫ్రాంచైజీకి ఇవ్వడం చెల్లదని యూజీసీ 2022 జనవరిలో విశ్వవిద్యాలయాలను హెచ్చరించింది. సాఫ్ట్‌వేర్ ఒక్కటే కొంటున్నా సరే, ఒప్పందంలో మూడు సంగతులు వెతుకు: పిల్లల మార్కులు, వివరాలు ఎవరి సర్వర్‌లో ఉంటాయి, ఒప్పందం ముగిశాక అవి మన చేతికి ఏ రూపంలో వస్తాయి, ఎన్ని రోజుల్లో వస్తాయి. జవాబు తేలకపోతే లేచి వచ్చేయ్. ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్ మూడిల్ ఉచితంగానే దొరుకుతుంది, 2002 నుంచి లోకమంతా వాడుతోంది. దాన్ని నడపడానికి ఇద్దరు మంచి కుర్రాళ్లు చాలు. అద్దాల గదితో స్టూడియో కట్టిద్దామని ఎవరైనా అంటే మాత్రం, ముందు నేను ఇప్పుడు చెప్పబోయేది చదువు.

నీకు గుర్తుండదు, నువ్వు చిన్నపిల్లవి. ఆదివారాలు నేను దూరవిద్య స్టడీ సెంటర్‌లో కాంటాక్ట్ క్లాసులు చెప్పడానికి వెళ్లేదాన్ని. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన దగ్గరే పుట్టింది. ఇప్పుడు అంబేద్కర్ పేరుతో ఉన్నది అదే. దానికి మొదటి వైస్‌ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి, 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని మొదలుపెట్టిందీ ఆయనే. పుస్తకం ఇంటికి వస్తుంది, సందేహం వస్తే దగ్గరి ఊళ్లో ఒక మనిషి ఉంటాడు, ఇంతే ఆ పద్ధతి. భూపాలపల్లి నుంచి సింగరేణి కార్మికులు వచ్చేవారు. ఒకాయన రాత్రి షిఫ్టు దిగి నేరుగా బస్సెక్కి వచ్చి చివరి బెంచీలో కూర్చునేవాడు. కాసేపటికి తల వాలిపోయేది. నేను లేపేదాన్ని కాదు. క్లాసు అయిపోయి అందరూ లేస్తుంటే ఆయన కూడా లేచి, మడతలు పెట్టిన కాగితం జేబులోంచి తీసి అడిగేవాడు. వారమంతా చదివి రాసుకున్న సందేహాలు అవి. ఆయన వచ్చేది వాటి కోసం. పాఠం ఆయనకు పుస్తకంలోనే దొరికేది.

ఆ కాగితం మడతలు ఇప్పుడెందుకు గుర్తొచ్చాయంటే, తర్వాత ఒక కాలేజీలో జరిగినదాన్ని బట్టి. దాని పేరు వద్దు. కరోనా ఏడాది పాఠాలన్నీ వీడియో తీసి పెట్టాలని పైనుంచి హుకుం వచ్చింది. మే నెల. మన హనుమకొండ ఎండలు నీకు చెప్పక్కర్లేదు. ఫ్యాను తిప్పితే చప్పుడు రికార్డవుతుందని ఆపేశారు, వెలుతురు ఎక్కువైందని కిటికీలకు దుప్పట్లు కట్టారు. స్టాటిస్టిక్స్ చెప్పే మా సహోద్యోగి ఆ గదిలో నిలబడి వరసగా పాఠాలు చెప్పింది. మంచి టీచరు. అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే శాంపిల్ వేరియన్స్ దగ్గరకు వచ్చేసరికి అలసిపోయింది కాబోలు, ఎన్ (అంటే అంకెలు ఎన్ని ఉన్నాయో ఆ సంఖ్య) మైనస్ ఒకటితో భాగించాల్సిన చోట ఉత్త ఎన్ అని రాసింది. సగటును కూడా అవే అంకెల నుంచి కడతాం కాబట్టి ఎన్‌తో భాగిస్తే లెక్క తక్కువ వస్తుంది, అందుకే ఒకటి తగ్గిస్తాం. ఇది ఆమెకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. తరగతి గదిలో అయితే ముందు బెంచీ పిల్ల ఒకతి "మేడమ్" అనేది, ఆమె నాలుక కరుచుకుని తుడిచి రాసేది, అందరూ నవ్వుకునేవారు, పాఠం ఇంకా బాగా గుర్తుండేది.

ఇక్కడ "మేడమ్" అన్న పిల్ల కూడా ఉంది, అదే నాకు మింగుడుపడనిది. వీడియో కింద మహదేవ్‌పూర్ వైపు అమ్మాయి రాసింది: పుస్తకంలో ఎన్ మైనస్ వన్ అని ఉంది మేడమ్, ఏది కరెక్టు? కొన్నాళ్లకు మళ్లీ రాసింది: ఎవరైనా చెప్పండి. మూడోసారి ఒక్క ముక్క: సరే, మేడమ్ రాసినట్టే రాస్తాను.

ఆ ప్రశ్నలు చూసేవాళ్లు లేరు. వీడియోలు చేతికొచ్చాయి కదా అని గెస్ట్ లెక్చరర్లను మళ్లీ తీసుకోలేదు, ఉన్నవాళ్ల మీద వేరే పనులు పడ్డాయి. ఆఫీసులో కంప్యూటర్ తెర మీద మాత్రం ఎంతమంది లాగిన్ అయ్యారో పచ్చగా కనిపించేది, అందరూ తృప్తిగా ఉండేవారు. పరీక్షలయ్యాయి. వాల్యుయేషన్‌లో కట్టలు విప్పితే పేపరు తర్వాత పేపరు, అదే లెక్కలో అదే తప్పు. మాస్ కాపీయింగ్ అన్నారు. పిల్లల మీద మాల్‌ప్రాక్టీసు రాయడానికి ఫారాలు కూడా బయటికి తీశారు. పక్క బల్ల దగ్గరున్న కుర్రాడికి అనుమానం వచ్చి ఫోన్లో వీడియో పెట్టి చూస్తే అప్పుడు బయటపడింది. ఆ కింద ఉన్న మూడు ప్రశ్నలూ అప్పుడే చదివాం. చాలాసేపు వాదించాక పిల్లలకు మార్కులు కలిపారు. ఆ అమ్మాయి తర్వాతి సెమిస్టర్ ఫీజు కట్టలేదు. కారణం ఇదేనని నేను అనను. కారణం ఏమిటని ఆమెకు ఫోన్ చేసి అడిగినవాళ్లు కూడా లేరు.

అందుకే బిడ్డా, బడ్జెట్ కాగితం రాసేటప్పుడు స్టూడియో కంటే ముందు మనుషులను రాయి. ప్రతి కోర్సుకూ సందేహాలు చూసే మనిషి పేరు, అతనికి ఇచ్చే డబ్బు. ఇరవై నాలుగు గంటల్లో జవాబు రావాలి. జవాబు తెలియకపోతే "కనుక్కుని చెబుతాను" అన్నా చాలు. ఉచితంగా చేయించాలని చూడకు. పాఠం చెప్పే పీరియడ్‌ను లెక్కేసినట్టే ఆన్‌లైన్‌లో జవాబులు రాసిన గంటలనూ పని కిందే లెక్కేయించు. దీనికి పెద్దవాళ్లతో కొట్లాడాల్సి వస్తుంది. కొట్లాడు. అమెరికాలో శాన్‌హొసే స్టేట్ యూనివర్సిటీ 2013లో ఉడాసిటీ అనే ఆన్‌లైన్ కోర్సుల కంపెనీతో కలిసి ఆన్‌లైన్ కోర్సులు మొదలుపెట్టి, పాసయ్యేవాళ్లు తక్కువయ్యేసరికి కొన్ని నెలలకే ఆపి ఆలోచించుకుంది. వాళ్లకు యంత్రాల కరువు ఉండి కాదు కదా.

ఇంకొకటి. చేరిన మొదటి మూడు వారాల్లో లాగిన్ కానివాళ్ల జాబితా ప్రతి సోమవారం తీయించు. మెసేజ్‌లు వద్దు, మనిషి ఫోన్ చేయాలి, తెలుగులో మాట్లాడాలి. "ఫీజు కట్టావు, క్లాసు చూడలేదేం" అని గద్దిస్తే మళ్లీ ఎత్తరు. "ఏం ఇబ్బంది అయ్యింది" అని అడిగించు. పాస్‌వర్డ్ మర్చిపోయి సిగ్గుపడి ఊరుకున్నవాళ్లే ఎక్కువమంది ఉంటారు. కోడలు చదవడం అత్తగారికి ఇష్టం లేని ఇళ్లుంటాయి. అక్కడ ఫోన్ ఎప్పుడు చేయాలో ఆ అమ్మాయినే అడిగి రాసుకోవాలి.

వేళల సంగతి హైదరాబాద్‌లో కూర్చుని టైంటేబుల్ వేసేవాళ్లకు తెలియదు, నీకు తెలియాలి. సింగరేణి వాళ్లకు షిఫ్టు మారుతుంటుంది, ప్రతి మంగళవారం సాయంత్రం లైవ్ క్లాసు అంటే సగం తప్పుతాయి. రికార్డింగ్ ఉండాలి, వారంలో రెండు వేర్వేరు వేళల్లో సందేహాల క్లాసు ఉండాలి. పత్తి ఏరే రోజుల్లో పరకాల, నర్సంపేట వైపు పిల్లలు పగలంతా చేలోనే ఉంటారు. మిరప కోతలప్పుడూ అంతే. అసైన్‌మెంట్ గడువులు అప్పుడు పెట్టకు. మేడారం జాతర వారంలో పరీక్ష పెట్టావంటే ములుగు, ఏటూరునాగారం పిల్లలు రారు. రమ్మని నువ్వు అనకూడదు కూడా. ఆ నాలుగు రోజులు బస్సులన్నీ అటే పోతాయి.

పరీక్షలో కెమెరా పెట్టి చూస్తారట కదా. నియమం ఉంటే పెట్టాల్సిందే. కానీ ఒక్క గదిలో ఐదుగురు ఉండే ఇంట్లో వెనక నుంచి అమ్మమ్మ నడిచిందని పిల్లను దొంగలా చూడకు. దగ్గరి పట్టణంలో పరీక్షా కేంద్రం పెట్టగలిగితే అదే మేలు. అసైన్‌మెంట్లు ఇప్పుడు యంత్రం చేతా రాయించుకుంటారు, దానికి నా దగ్గర పాత మందే ఉంది: ఐదు నిమిషాలు ఫోన్లో మాట్లాడించు. రాసింది తనదైతే చెబుతాడు, కాకపోతే నీళ్లు నములుతాడు.

కెమెరా అంటే భయపడే పెద్ద లెక్చరర్లు నీ దగ్గరా ఉంటారు. మీటింగులో అందరి ముందూ వాళ్లను చులకన చేయకు. పక్కన ఒక కుర్రవాణ్ణి కూర్చోబెట్టు, మొదటి వీడియో ఎలా వచ్చినా బాగుందను. పాఠం ప్రజల ముందు పెట్టే ముందు మాత్రం వేరే టీచరు మొదటి నుంచి చివరిదాకా చూడాలి. తప్పు దొరికితే వీడియో మార్చు, మార్చిన సంగతి చేరినవాళ్లందరికీ చెప్పు. సిగ్గేం లేదు అందులో. ఎన్ మైనస్ ఒకటి గుర్తుంచుకో.

రాత్రి బస్సుల్లో హైదరాబాద్ మీటింగులకు తిరగకు, అవి కూడా ఆన్‌లైన్‌లో పెట్టమను, మీ కేంద్రమే ఆన్‌లైన్ కేంద్రం కదా! మధ్యాహ్నం అన్నం మానేసి టీలతో గడిపేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. అది నేను ఒప్పుకోను.

ఆ కంపెనీ ఒప్పందం కాపీ వచ్చాక జిరాక్స్ తీయించి నాకు పంపు. నా కళ్లద్దాలు మార్చుకున్నాను, చిన్న అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి. నేను చదివి ఫోన్ చేసేదాకా సంతకం పెట్టకు. ఎవరైనా తొందరపెడితే, పెద్దమ్మకు చూపించాలని చెప్పు. నవ్వితే నవ్వనీ.

నీ పెద్దమ్మ
హనుమకొండ