పాస్‌వర్డ్‌లన్నీ ఒకేచోట పెడితే ప్రమాదం కాదా? ఏ మేనేజర్ మంచిది?

పాస్‌వర్డ్ మేనేజర్, అంటే మన పాస్‌వర్డ్‌లన్నీ దాచిపెట్టి సైట్లలో తనే నింపే యాప్, హ్యాక్ అయితే అన్నీ ఒక్కసారే పోతాయి కదా అని అడిగారు. నాకూ అదే భయం ఉండేది, అందుకే చాలా ఏళ్లు దాని జోలికి పోలేదు. ఆ ఏళ్లలో నేను చేసిన ఘనకార్యం ఏంటంటే, ఒకే పాస్‌వర్డ్‌కి చివర ఒకటో రెండో అక్షరాలు మార్చి ముప్పై నలభై సైట్లలో వాడటం. ఎప్పుడో అకౌంట్ తెరిచి మర్చిపోయిన ఒక చిన్న సైట్ నుంచి అది లీకైంది, వారం తిరక్కుండానే ఎవరో నా మెయిల్‌లోకి దూరారు. అంటే అప్పుడూ అన్నీ ఒకేచోట ఉన్నట్టే, కాకపోతే తాళం లేకుండా.

మీ భయం ఉత్తదని మాత్రం అనను. 2022లో లాస్ట్‌పాస్ అనే మేనేజర్ నుంచి వాడకందార్ల వాల్ట్‌ల (పాస్‌వర్డ్‌లు దాచే పెట్టెల) బ్యాకప్‌లే దొంగల చేతికి పోయాయి. లోపలి పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి (తాళం లేకుండా చదవలేని రూపంలో) ఉన్నాయి గానీ సైట్ల అడ్రసులు కాలేదు. కాపీ చేతికి వచ్చాక మూడుసార్లు తప్పు కొడితే లాక్ అయ్యే గొడవేమీ ఉండదు, తీరిగ్గా ఎన్ని కోట్లసార్లైనా ప్రయత్నించుకోవచ్చు. అందుకే ఏ యాప్ అన్నదానికంటే మాస్టర్ పాస్‌వర్డ్, అంటే వాల్ట్‌ని తెరిచే ఆ ఒక్క పాస్‌వర్డ్, ఏంటన్నదే నా లెక్కలో ముఖ్యం.

నేను వాడేది బిట్‌వార్డెన్. ఓపెన్ సోర్స్ (దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు), ఉచిత వెర్షన్‌లోనే ఎన్ని పాస్‌వర్డ్‌లైనా, ఎన్ని పరికరాల్లోనైనా పెట్టుకోవచ్చు. ఎవరి సర్వర్‌నీ నమ్మను అంటే కీపాస్‌ఎక్స్‌సీ ఉంది, ఫైలు మీ దగ్గరే ఉంటుంది, బ్యాకప్ బాధ్యత కూడా మీదే. రెండు నెలలు వాడాను, ఫోన్‌లో ఒక కాపీ, కంప్యూటర్‌లో ఇంకో కాపీ తయారై, ఏది కొత్తదో తెలియక వదిలేశాను. బ్రౌజర్‌తోపాటే వచ్చే మేనేజర్ కూడా మరీ తీసిపారేసేది కాదు, ఒకే పాస్‌వర్డ్ అన్నిచోట్లా వాడటం కంటే ఎంతో నయం.

మాస్టర్ పాస్‌వర్డ్‌కి డైస్‌వేర్ పద్ధతి చూడండి. 7776 మాటల జాబితా ఉంటుంది, పాచిక ఐదుసార్లు వేస్తే ఒక మాట వస్తుంది, అలా ఆరు మాటలు తీసుకోండి. మీకు నచ్చిన మాటలు మీరే ఏరుకుంటే లాభం లేదు, మనకి తట్టేవి ఎదుటివాడికీ తడతాయి. నేను మొదట తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాను, తర్వాత దీర్ఘానికి ఒక ‘a’ కొట్టానా రెండు కొట్టానా అని రోజూ తికమకే.

ఇక అసలు తప్పు. పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో దశ కోడ్ ఇచ్చే యాప్ ఫోన్‌లో మాత్రమే పెట్టి, ఆ ఫోన్ పోతే లోపలికి వెళ్లడానికి పనికొచ్చే రికవరీ కోడ్‌ని భద్రంగా ఆ వాల్ట్‌లోనే దాచాను. పెట్టె తాళంచెవి పెట్టెలోనే వేసి మూత పెట్టినట్టు. ఫోన్ చచ్చిపోయిన రోజు పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. అదృష్టం బాగుండి పాత ల్యాప్‌టాప్‌లో లాగౌట్ చేయలేదు, అక్కడ మాస్టర్ పాస్‌వర్డ్‌తో తెరిచి కోడ్ తీసుకున్నాను. ఇప్పుడు అది కాగితం మీద, రెండు వేర్వేరు చోట్ల ఉంది.

నేను ఊహించని లాభం ఒకటి. ఒకరోజు ఒక సైట్లో మేనేజర్ ఎంతకీ పాస్‌వర్డ్ దానంతటది నింపలేదు, విసుగొచ్చి కాపీ చేసి పేస్ట్ చేయబోతూ అడ్రస్ చూస్తే ఒక అక్షరం తేడా. దొంగ సైటు. నా కళ్లు మోసపోయాయి, అది మోసపోలేదు. కాబట్టి నింపకపోతే తిట్టుకోకుండా ముందు అడ్రస్ చూడండి.

అన్నీ ఒక్కరోజులో మార్చాలని కూర్చోకండి, నీరసం వస్తుంది. ముందు మెయిల్, ఎందుకంటే ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ అని నొక్కితే వచ్చే లింకులన్నీ చేరేది అక్కడికే. తర్వాత బ్యాంకు. మిగతావి లాగిన్ అయినప్పుడల్లా ఒక్కోటి మార్చుకుంటూ పోవచ్చు. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు సీఎస్‌వీ ఫైలుగా (మామూలు పట్టికలాంటి ఫైలు) తీసి మేనేజర్‌లోకి ఎక్కిస్తే మాత్రం, పని అయిన వెంటనే ఆ ఫైలు డిలీట్ చేయండి, అందులో అన్నీ మామూలు అక్షరాల్లోనే కనిపిస్తాయి. నాది డౌన్‌లోడ్స్‌లో నాలుగు నెలలు అలాగే పడుంది.