క్యాన్సర్ పరిశోధనలో గైడ్‌ను ఎంచుకోవడానికి హెచ్-ఇండెక్స్ చూస్తే సరిపోతుందా?

నాగర్‌కర్నూల్‌లో ఎమ్మెస్సీ పూర్తిచేసిన మీ చెల్లె క్యాన్సర్ బయాలజీలో పీహెచ్‌డీ చేయాలనుకుంటోందని, హెచ్-ఇండెక్స్ ఎక్కువున్న గైడ్‌నే వెతకాలా అని అడిగారు. నాది నల్లగొండ. ఎన్జీ కాలేజీలో డిగ్రీ చదివి, హైదరాబాద్‌లో ఇదే సబ్జెక్టులో పీహెచ్‌డీ చేశాను. నా మాటైతే, ఆ నంబర్ చూడండి గానీ దాన్ని బట్టే నిర్ణయం తీసుకోకండి.

హెచ్-ఇండెక్స్ అంటే ఒకరి పరిశోధన పేపర్లను ఇతరులు ఎంతగా ఉదహరించారో చెప్పే నంబర్. దీన్ని 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఒకరి పేపర్లలో 20 పేపర్లను, ఒక్కోదాన్ని కనీసం 20 సార్లు ఇతరులు ఉదహరిస్తే ఆ ఇండెక్స్ 20కి చేరినట్టు. సర్వీసు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది తప్ప తగ్గదు. ముప్పై మంది కలిసి రాసిన పేపర్ లెక్క అందరి ఖాతాలోనూ పడుతుంది. పాత పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి రాసే రివ్యూలకు సైటేషన్లు (ఉదహరింపులు) బాగా వస్తాయి. ఉద్యోగాలు, గ్రాంట్లు ఇచ్చే కమిటీలు ఈ నంబర్ అడుగుతాయి కాబట్టి దాన్ని కొట్టిపారేయలేం. కానీ ఆ మనిషి ఏం కనిపెట్టారో అందులో కనిపించదు.

మన యల్లాప్రగడ సుబ్బారావు గారినే తీసుకోండి. పిల్లల్లో లుకేమియాను (రక్త క్యాన్సర్‌ను) మందుతో తాత్కాలికంగానైనా అదుపు చేయొచ్చని చూపిన, అమెరికా వైద్యుడు ఫార్బర్ 1948 నాటి పేపర్‌లో వాడిన అమినాప్టెరిన్ అనే మందు, సుబ్బారావు గారి బృందం తయారుచేసిందే. ఆ పేపర్ రచయితల్లో ఆయన పేరు లేదు. అంటే దాని సైటేషన్లు ఒక్కటీ ఆయన లెక్కలోకి రావు. అమినాప్టెరిన్‌కు తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్ అనే మందును ఈరోజుకీ వాడుతున్నారు.

అమెరికా శాస్త్రవేత్త జానెట్ రౌలీ కథ నాకు ఇంకా దగ్గరిది. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఆమె వారానికి కొన్ని రోజులే పనిచేసేవారు. క్రోమోజోమ్‌ల (కణాల్లో జన్యువులుండే పోగుల) ఫొటోలు ఇంటికి తెచ్చుకుని, డైనింగ్ టేబుల్ మీద పరిచి, కత్తెరతో ఒక్కోటి కత్తిరించి జతలు పేర్చేవారు. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ రోగుల్లో ఒక క్రోమోజోమ్ పొట్టిగా ఉంటుందని 1960లోనే తెలుసు. 22వ క్రోమోజోమ్ నుంచి తెగిన ముక్క 9వ దానికి అతుక్కుందని ఈమె గుర్తించి 1973లో ప్రచురించారు. ఆ అతుకు దగ్గర పుట్టే ప్రొటీనే జబ్బుకు మూలమని తర్వాత తేలింది. దాన్ని అడ్డుకునే ఇమాటినిబ్ అనే మందుకు 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది.

నోవార్టిస్ అమ్మిన ఆ మందు ఇక్కడ నెలకు లక్ష రూపాయల పైనే ఉండేది. 2013లో సుప్రీంకోర్టు ఆ కంపెనీకి పేటెంట్ నిరాకరించింది. ఆ కేసులో ఎదురు నిలిచి, జనరిక్ (అదే మందును వేరే కంపెనీ చవకగా తయారుచేసింది) అమ్మిన కంపెనీల్లో నాట్కో ఒకటి. దాని ప్లాంటు ఒకటి పాత మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరులోనే ఉంది. దేవరకొండ దగ్గర ఉండే మా మేనమామకు ఇదే జబ్బు. రోజూ అన్నం తిన్నాక మాత్ర వేసుకుని, పత్తి చేను తనే చూసుకుంటున్నాడు. ఒక పరిశోధన ప్రభావం ఎంత అని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆయనే గుర్తొస్తాడు.

కాబట్టి మీ చెల్లెను గైడ్ పేపర్లలో రెండు మూడు పూర్తిగా చదవమనండి. వేరే ల్యాబులు వాటిని పేరుకు ఉదహరించి వదిలేశాయా, లేక ఆ ఫలితం మీద తమ పని కట్టుకున్నాయా అన్నది చూడాలి. మొదటి రచయితగా విద్యార్థుల పేర్లు ఉన్నాయో లేదో చూడాలి. పీహెచ్‌డీ ఎన్నేళ్లకు పూర్తవుతోందో సీనియర్లను విడిగా అడగాలి, గైడ్ ముందు వాళ్లు చెప్పరు.

వీలైతే ల్యాబుకు వెళ్లి ఒక రోజంతా ఉండమనండి. కణాలను 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో గులాబీ రంగు ద్రవంలో పెంచుతాం. అది పసుపు రంగుకు తిరిగిందంటే ఆమ్లం పెరిగినట్టు, వెంటనే మార్చాలి. ఆదివారమైనా, బతుకమ్మ పండుగైనా ఎవరో ఒకరు వెళ్లాల్సిందే. ఆ పని అందరూ పంచుకుంటున్నారా, కొత్తగా చేరినవాళ్ల మీదే పడుతోందా అన్నది ఒక్క రోజులో తెలిసిపోతుంది.

సీఎస్ఐఆర్-నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37 వేలు ఇస్తున్నారు. ఫెలోషిప్ చేతిలో ఉంటే గైడ్‌ను ఎంచుకునే వీలు పెరుగుతుంది, ముందు ఆ పరీక్ష మీద కూర్చోమనండి. ఆమె ఎమ్మెస్సీ ఏ సబ్జెక్టులో చేసిందో రాస్తే ఏ టాపిక్స్ ముందు చదవాలో చెప్తాను.